రగ్బీ క్లబ్బును కొత్త సొంత భవనంలోకి మార్చడం: గరిక నాటిన రోజు నుంచి తొలి మ్యాచ్ దాకా

"బిల్డింగు పూర్తయింది, రంగులు కూడా అయిపోయాయి, వచ్చే నెల మారిపోవచ్చా?" ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రగ్బీ క్లబ్బు ఎప్పుడు మారాలో తేల్చేది పెయింటరు కాదు, గ్రౌండులో గరిక. గది తడిగా ఉంటే మంచం వరండాలో వేసుకోవచ్చు. నేల రాయిలా ఉంటే మాత్రం టాకిల్ చేసిన (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టిన) కుర్రాడి భుజం పోతుంది. అందుకే ఈ వరుస: ముందు నేల, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత స్నానాల గదులు, స్టోర్ రూము. ఆఫీసు బీరువా అన్నిటికంటే ఆఖరున కదలాలి.

ఇందులోని లెక్కలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఎర్రనేలకు, బోరు నీళ్ళకు, ఇక్కడి వానలకు సరిపడేలా వేసినవి.

## 1. తేదీని వెనక నుంచి లెక్కేయండి

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరద అందరికీ గుర్తుండే ఉంటుంది. కొత్త భవనానికీ కొత్త గ్రౌండుకీ ఆ మూడు నెలలే అసలు పరీక్ష. ఆ పరీక్ష అయ్యాకే సామాను దించండి.

మాకు సరైనదిగా తోచే క్రమం ఇది:

- ఏప్రిల్, మే: నేల చదును, వాలు, రాళ్ళ ఏరివేత, బోరు పరీక్ష
- జూన్, జులై: గరిక నాటడం
- ఆగస్టు, సెప్టెంబరు: గోల్ పోస్టుల పునాదులు, భవనంలో పైపులు, టైల్స్
- అక్టోబరు నుంచి డిసెంబరు: వానలో కారే చోట్లు, నీళ్ళు నిలిచే చోట్లు గుర్తుపెట్టి సరిచేయించడం
- జనవరి: తాళాలు తీసుకోవడం, కాగితాలు
- పుష్యం పోయి మాఘం రాగానే: పాలు పొంగించడం, సామాను తరలింపు

మేస్త్రీలు, కూలీలు సంక్రాంతికి ఊళ్ళకు వెళితే వారం పది రోజులు తిరిగి రారు. మిగిలిన పనులు పండగ ముందే ముగించండి, లేకపోతే జనవరి ఆఖరు దాకా ఆగాలి. ముహూర్తం చూసేటప్పుడు మూఢం ఉందో లేదో పంచాంగంలో ముందే చూసుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశికి, రథసప్తమికి తిరుపతిలో లారీలు తిప్పాలని చూడకండి. మే నెలలో గంగమ్మ జాతర వారం కూడా అంతే.

## 2. స్థలం కొలతలు ఇంకోసారి టేపు పట్టి చూడండి

ప్లానులో ఉన్నదే నేల మీద ఉందనుకోవద్దు. ప్రహరీ, పార్కింగు, డ్రైనేజీ కట్టేసరికి గ్రౌండు రెండు మూడు మీటర్లు తగ్గిపోవడం మామూలే.

నిబంధనల ప్రకారం గోల్ గీత నుంచి గోల్ గీతకు 94 నుంచి 100 మీటర్లు ఉండాలి. వెడల్పు 68 నుంచి 70 మీటర్లు. గోల్ గీతల వెనక, బంతి నేలకు ఆనించి పాయింట్లు తెచ్చుకునే ఇన్-గోల్ ఒక్కోవైపు 6 నుంచి 22 మీటర్లు. చుట్టూ 5 మీటర్లు ఖాళీ.

100 మీటర్ల గ్రౌండు, రెండువైపులా 10 మీటర్ల ఇన్-గోల్, చుట్టూ 5 మీటర్లు కలిపితే 130 × 80 మీటర్లు. అంటే 10,400 చదరపు మీటర్లు, దాదాపు 257 సెంట్లు. కనీస కొలతలతో సర్దుకున్నా 116 × 78 మీటర్లు, 224 సెంట్లు కావాలి.

ఆ 5 మీటర్ల ఖాళీలో లైటు స్తంభం, సిమెంటు బెంచీ, కొళాయి, డ్రైనేజీ మూత ఏదీ ఉండకూడదు. పరిగెత్తే ఆటగాడు గీత దగ్గర ఆగడు. ఏదైనా ఉంటే దాన్ని తీయించండి. స్పాంజి చుట్టి సరిపెట్టడం ఆఖరి మార్గం.

గ్రౌండు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే సాయంత్రం ఎండ ఎవరి కళ్ళలోనూ సూటిగా పడదు. నేల చదును చేయకముందే దీన్ని ఖాయం చేసుకోవాలి.

## 3. నేల, వాలు, గరిక

ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు ఇక్కడ పెట్టండి. భవనంలో పొరపాటు జరిగితే ఒక గది పగలగొట్టి సరిచేయొచ్చు. వాలు తప్పితే నాటిన గరికంతా పీకి మళ్ళీ మొదలుపెట్టాలి.

వాలు. గ్రౌండు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకు పల్లంగా ఉండాలి. నూటికి ఒకటి వాలు చాలు. వెడల్పు 70 మీటర్లయితే మధ్య నుంచి పక్క గీతకు 35 మీటర్లు కాబట్టి అంచు 35 సెంటీమీటర్లు కిందికి దిగాలి. ట్యూబ్ లెవెల్‌తో ప్రతి 10 మీటర్లకు ఒక మేకు కొట్టి చూసుకోండి. గ్రేడర్ నడిపే మనిషికి కంటి అంచనా ఎంత బాగా తెలిసినా మేకులు లేకుండా పని మొదలుపెట్టనివ్వద్దు. పక్క గీతలకు 5 మీటర్ల అవతల కాలువ తవ్వి, వాననీరు అందులోకి చేరేలా చూడండి.

పైమట్టి. ఎర్రమట్టి తడిస్తే మెత్తబడుతుంది కానీ ఎండితే గట్టిపడిపోతుంది. అందుకే పైన జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పరవాలి. 120 × 70 మీటర్ల గ్రౌండుకు 2 అంగుళాల మందం కావాలంటే సుమారు 150 యూనిట్ల మట్టి అవసరమవుతుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఈ లెక్క ముందే వేసుకోకపోతే సగం గ్రౌండు పరిచేసరికి డబ్బు అయిపోతుంది. పచ్చి పేడ వేయొద్దు. అందులో కలుపు విత్తనాలుంటాయి, వేర్లు కూడా కాలిపోతాయి.

రాళ్ళు. జల్లించిన మట్టిలోనూ గులకరాళ్ళు మిగులుతాయి. పది పన్నెండు మంది మీటరు ఎడంగా వరసలో నిలబడి, తలా ఒక గోనెసంచి పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. తర్వాత అడ్డంగా ఇంకోసారి. మొదటి వాన పడ్డాక మళ్ళీ ఒకసారి నడవాలి, ఎందుకంటే వాన మట్టిని కడిగి రాళ్ళను పైకి తేలుస్తుంది. బీరుసీసా పెంకులు, మేకులు, కట్టుబడి తీగముక్కలు ఆ మూడో నడకలోనే దొరుకుతాయి.

గరిక. నర్సరీలో బెర్ముడా గడ్డి అని అమ్మేది మన గరిక జాతిదే. ఎండకు, తొక్కిడికి తట్టుకుంటుంది, తెగిన చోట మళ్ళీ పాకుతుంది. కాండం ముక్కలను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో వరసలుగా నాటి, పైన పల్చగా మట్టి కప్పి, వెంటనే తడపండి. మొదటి రెండు వారాలు పైపొర ఆరనివ్వకూడదు. మూడో వారం దాటాక నెలకు రెండు బస్తాల యూరియా, అంటే 90 కిలోలు చాలు. దాన్ని కూడా రెండు విడతలుగా చల్లి వెంటనే నీళ్ళు పెట్టండి. ఆకు తడిగా ఉండగా చల్లితే మాడిపోతుంది.

ఆటకు పనికి రావాలంటే 10 నుంచి 12 వారాలు ఆగాలి. పైకి పచ్చగా కనిపించినా వేరు దిగకపోతే, రెండు జట్లవాళ్ళు భుజాలు ఆనించి తోసుకునే ఒక్క స్క్రమ్‌కే గరిక చాపలా లేచొస్తుంది. పిడికెడు గరిక పట్టుకుని లాగండి. తెగితే వేరు పట్టుకుంది. ఊడొస్తే ఇంకో మూడు వారాలు.

కలుపు. తుంగను గడ్డతో సహా తవ్వి తీయాలి, పైన కోస్తే రెండింతలై వస్తుంది. వయ్యారిభామ పూత పట్టకముందే గ్లౌజులు వేసుకుని పీకండి, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఇక పల్లేరు: కాయ పట్టనిచ్చారంటే ఆ ఏడాది నేల మీద పడే ఆట ఆడలేరు. ముళ్ళు అరచేతుల్లో, మోచేతుల్లో, మొహం మీద దిగుతాయి. పసుపు పూలు కనబడ్డ రోజే పీకించండి.

## 4. నీళ్ళ లెక్క

ఎండాకాలంలో గరికకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. 120 × 70 మీటర్ల గ్రౌండు మీద అది 42,000 లీటర్లు. 6,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. రోజూ కొనలేరు. కాబట్టి బోరు తేలకుండా గరిక నాటొద్దు.

బోరును మే నెలలో పరీక్షించండి. నవంబరులో ఏ బోరైనా పోస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి పట్టే సమయం చూడండి. మోటారు వేసిన అయిదో నిమిషంలో ఒకసారి, మూడు గంటల తర్వాత ఇంకోసారి. రెండోసారి కూడా రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 100 లీటర్లు వస్తున్నట్టు. గ్రౌండంతా తడవడానికి 7 గంటలు పడుతుంది. మూడు గంటలకే ధార సన్నబడితే ఆ బోరు మీద ఆధారపడకూడదు. సంపు కట్టి, రాత్రంతా నింపి, పొద్దున వాడుకునే పద్ధతికి మారండి.

గ్రౌండు నీళ్ళకూ భవనం నీళ్ళకూ ట్యాంకులు, పైపులు వేరుగా ఉండాలి. ఒకటే ట్యాంకు అయితే మ్యాచ్ రోజు స్ప్రింక్లర్ ఆపడం మరచిపోయిన ఒక్క మనిషి వల్ల నలభై మంది మట్టి ఒళ్ళతో ఇళ్ళకు పోతారు.

సెప్టిక్ ట్యాంకు బోరుకు కనీసం 60 అడుగుల దూరంలో, పల్లపు వైపున ఉండాలి.

## 5. గోల్ పోస్టులు, గీతలు

రెండు స్తంభాల మధ్య 5.6 మీటర్లు. అడ్డకమ్మి పైఅంచు నేల నుంచి 3 మీటర్లు. స్తంభాల ఎత్తు కనీసం 3.4 మీటర్లు ఉండాలి, అంతకంటే పొడవైనవి పెడితేనే కిక్ లోపల పడిందో బయట పడిందో రెఫరీకి తెలుస్తుంది.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతేయకండి. మీటరు లోతు గుంటలో ఇనుప స్లీవు పెట్టి, దాని చుట్టూ కాంక్రీటు పోసి, స్తంభం అందులోకి దించేలా చేయండి. తుప్పు పట్టినా, వంగినా మార్చుకోవచ్చు. కాంక్రీటు పైభాగం నేలకు 6 అంగుళాలు కింద ఉండాలి, దాని మీద మట్టి, గరిక రావాలి. కాంక్రీటు పైకి తేలి కనబడిందంటే చిప్పింగ్ చేయించాల్సిందే. క్యూరింగ్ 10 రోజులు చేసి, ఆ తర్వాతే స్తంభాలు నిలబెట్టండి.

స్తంభాలకు చుట్టే ప్యాడ్లు మనిషి ఎత్తు వరకు ఉండాలి. ప్యాడ్ వెలుపలి అంచు గోల్ గీత నుంచి 300 మిల్లీమీటర్లు దాటకూడదు. జెండా కర్రలు 14, ఎత్తు 1.2 మీటర్లకు తగ్గకుండా. వంగే ప్లాస్టిక్‌వే కొనండి. వెదురు, ఇనుము వద్దు.

మూలలు కోణం తప్పకుండా ఉండాలంటే టేపుతో 30, 40, 50 మీటర్ల త్రిభుజం కట్టండి. తర్వాత ఎదురెదురు మూలల దూరం కొలవండి. గోల్ గీతల మధ్య 100 × 70 మీటర్లయితే రెండు కర్ణాలూ 122.07 మీటర్లు రావాలి. 10 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మళ్ళీ కట్టండి.

గీతలకు సున్నం వాడకండి. ఈ ఒక్క మాట క్లబ్బులో గ్రౌండు పని చూసే ప్రతి మనిషికీ చెప్పండి. రగ్బీలో మొహం నేలకు తగులుతుంది. చెమటతో కలిసిన సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చాక్ పౌడరు గానీ, నీళ్ళలో కలిసే గ్రౌండు పెయింటు గానీ వాడండి. ముగ్గుపిండి వాడేవాళ్ళు బస్తా విప్పగానే చిటికెడు పసుపు నీళ్ళలో వేసి చూడాలి. వెంటనే పారాణిలా ముదురు ఎరుపు తిరిగితే అందులో సున్నం కలిసింది. బస్తా వెనక్కి పంపేయండి.

## 6. తాళాలు తీసుకునే ముందు భవనంలో చూడాల్సినవి

బిల్లులో 5 నుంచి 10 శాతం డబ్బు ఏడాది పాటు ఆపుకునేలా కాంట్రాక్టరుతో ఒప్పందంలోనే రాసుకుని ఉండాలి. మొత్తం ఇచ్చేశాక కొళాయి కారుతోందని ఫోను చేస్తే ఎవరూ రారు.

స్నానాల గదుల దగ్గర ఒక రోజంతా గడపండి. ఎక్కువ లోపాలు ఉండేది ఇక్కడే.

నేల వాలు: 5 అడుగులకు ఒక అంగుళం. ప్రతి మూలలో బకెట్టు నీళ్ళు పోసి అయిదు నిమిషాల తర్వాత చూడండి. ఎక్కడైనా మడుగు మిగిలితే ఆ టైల్స్ తీసి మళ్ళీ వేయించాలి. తర్వాత జాలీలు మూసి, అంగుళం ఎత్తు నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. నీళ్ళు తగ్గినా, పక్క గది గోడ చెమ్మగిల్లినా వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేదన్నమాటే. శ్లాబు మీద కూడా ఇలాగే నీళ్ళు కట్టి చూడండి.

షవర్లు: ఓవర్‌హెడ్ ట్యాంకును శ్లాబు మీదే పెడితే షవరు సన్నగా కారుతుంది. ట్యాంకు అడుగు షవరు కంటే కనీసం 6, 7 అడుగులు ఎత్తులో ఉండాలి. వీలుకాకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి. పదిహేను మంది ఆడే మ్యాచ్‌కు మార్పు ఆటగాళ్ళతో కలిపి జట్టుకు 23 మంది, రెండు జట్లకు 46. తలా 40 లీటర్లయితే 1,840 లీటర్లు. మరుగుదొడ్లకూ కలిపి 3,000 లీటర్ల ట్యాంకు పెట్టుకోండి. పరీక్షించేటప్పుడు అన్ని షవర్లూ ఒకేసారి తిప్పండి. ఒక్కటే తిప్పి చూస్తే ఏ షవరైనా బాగానే వస్తుంది.

మెట్లు, నడవాలు: చిత్తూరు జిల్లాలో గ్రానైట్ దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి అందరూ పాలిష్ రాయి వేయించేస్తారు. స్టడ్ల బూట్లతో, తడి కాళ్ళతో ఆ రాయి మీద నిలబడలేరు. గ్రౌండు నుంచి బట్టలు మార్చుకునే గదికి వచ్చే దారి అంతా ఫ్లేమ్డ్ గ్రానైట్ గానీ, గరుకు కడప బండ గానీ ఉండాలి. ఇప్పటికే పాలిష్ రాయి పడిపోయి ఉంటే దాని మీద మందపాటి రబ్బరు మ్యాట్లు పరవండి.

బూట్లు కడిగే చోటు: గుమ్మం బయటే ఉండాలి. రెండు కొళాయిలు, గోడకు బిగించిన బ్రష్షులు, కింద 2 × 2 అడుగుల మట్టి తొట్టి. నీళ్ళు బయటికి పోయే పైపు తొట్టి అట్టడుగుకు అడుగున్నర ఎత్తులో ఉంటే మట్టి కింద పేరుకుంటుంది, పైనీళ్ళు పోతాయి. వారానికోసారి పారతో తీసేయాలి. ఈ తొట్టి లేని భవనాల్లో మూడో నెలకల్లా డ్రైనేజీ పూడిపోతుంది.

గోడల తడి: కొత్త గోడకు అడుగు చదరపు పాలిథీన్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు. అలాంటి గదిలో టాకిల్ బ్యాగులు (టాకిల్ సాధనకు వాడే స్పాంజి బస్తాలు) పెడితే రెండు వారాల్లో బూజు పడుతుంది.

తాళాలు తీసుకునే రోజు చేతిలో ఉండాల్సిన చెక్‌లిస్టు:

- ఆటగాళ్ళ గదుల తలుపులు బయటికి తెరుచుకుంటున్నాయా, తెరిచినప్పుడు గ్రౌండు నుంచి లోపల కనబడకుండా ఉందా
- అమ్మాయిలకు వేరే గదులు, వేరే స్నానాల గదులు, లోపలి గడియలు
- రెఫరీకి వేరే గది, వేరే మరుగుదొడ్డి
- గేటు వెడల్పు కనీసం 12 అడుగులు. ఆర్చి ఉంటే ఎత్తు 15 అడుగులు, రేపు ఇంకో బోరు వేయాలంటే రిగ్గు లోపలికి రావాలి కదా
- గేటు నుంచి గ్రౌండు అంచు దాకా అంబులెన్సు మెట్టు ఎక్కకుండా రాగలగాలి. ఒక వ్యాను నడిపి చూడండి
- ట్యాంకు మూతలకు తాళం. కొండ దిగువన ఉంటే కోతులు మూతలు పీకేస్తాయి
- ప్రహరీ కింద, కాలువ చివర్ల దగ్గర పాములు దూరే కంతలకు జాలీ
- పైపులు, కరెంటు తీగలు గోడల్లో ఎటు పోయాయో చూపే చివరి డ్రాయింగులు
- మోటారు, పంపు, లైట్ల వారంటీ కార్డులు
- ప్రతి తాళానికి మూడు చెవులు, వాటి మీద గది నంబరు

## 7. కరెంటు

కనెక్షనుకు దరఖాస్తు పెట్టేముందు లోడు కూడండి. 5 హార్స్‌పవర్ మోటారు 3.75 కిలోవాట్లు. 400 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు 16 అయితే 6.4 కిలోవాట్లు. ప్రెషర్ పంపు 0.75. ఫ్యాన్లు, గదుల లైట్లు, గాయాలకు ఐసు నిలవచేసే డీప్ ఫ్రీజర్ కలిపి 3. మొత్తం 13.9. త్రీఫేజ్ 15 కిలోవాట్లకు అడగండి. తక్కువకు తీసుకుని తర్వాత పెంచుకుందామంటే ఎస్పీడీసీఎల్ ఆఫీసు చుట్టూ రెండోసారి తిరగాలి.

తడి కాళ్ళతో తిరిగే భవనం ఇది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. ఎర్తింగ్ రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు ఉందని ఎలక్ట్రీషియన్ చేత కాగితం మీద రాయించుకోండి. ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోయడం మరవొద్దు.

ఫ్లడ్ లైట్లను చీకటి పడ్డాక గ్రౌండులో నడుస్తూ చూడాలి. ఎత్తుగా లేచిన బంతి లైటు వెలుగులో కనబడకుండా పోతే ఆ లైటు తల తిప్పించాలి.

## 8. కాగితాలు

ఇవి తేలికే, కానీ వరస తప్పితే ఇరుక్కుంటాయి. ముందు ప్లాను మంజూరు చేసిన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) నుంచో కార్పొరేషన్ నుంచో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. తర్వాత క్లబ్బు సర్వసభ్య సమావేశంలో చిరునామా మార్పు తీర్మానం. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన క్లబ్బు ఆ తీర్మానాన్ని రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఆ ముద్ర పడ్డ కాపీతోనే బ్యాంకు, పాన్, రాష్ట్ర రగ్బీ సంఘం, బీమా, కరెంటు కనెక్షనులలో చిరునామా మార్పించుకోండి. బ్యాంకుతో మొదలుపెడితే "రిజిస్ట్రారు కాపీ తెండి" అని వెనక్కి పంపుతారు.

భవనం బీమా తాళాలు చేతికొచ్చిన రోజు నుంచే మొదలవ్వాలి, గృహప్రవేశం రోజు నుంచి కాదు.

## 9. సామాను సర్దడం, తరలించడం

కొత్త భవనంలో ప్రతి తలుపుకు నంబరు అంటించండి. పాత చోట ప్రతి మూటకు అదే నంబరు. "స్టోర్" అని రాస్తే చాలదు. "4, ఎడమ గోడ" అని రాయండి.

టాకిల్ బ్యాగులు, హిట్ షీల్డులు (చేత్తో పట్టుకునే స్పాంజి పలకలు). తరలింపుకు మూడు రోజుల ముందు సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో గాలికి ఆరబెట్టండి. కుట్టు విప్పుకున్న చోట లోపలి స్పాంజి తడి పీలుస్తుంది. అక్కడ కుట్టించాకే సర్దండి. కొత్త స్టోరులో నేల మీద కాకుండా 4 అంగుళాల ఎత్తు చెక్క పలకల మీద నిలబెట్టండి, గోడకు అరడుగు ఎడంగా.

స్క్రమ్ మెషిన్ (స్క్రమ్ తోపుడు సాధనకు వాడే బరువైన చట్రం). బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. రెండు రోజుల ముందే నూనె పోయండి. విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగానికే సంచిలో కట్టాలి. ఎత్తడానికి కనీసం ఆరుగురు ఉండాలి, లారీకి చెక్కల ర్యాంపు వేయాలి, మొదట అదే ఎక్కాలి, క్యాబిన్ వైపుకు. కొత్త చోట దానికి గ్రౌండు బయట వేరే గట్టినేల చూపించండి. గ్రౌండులో ఒకేచోట వాడితే అక్కడ గరిక ఉండదు.

బంతులు. గాలి కొంచెం తీసి వలసంచుల్లో వేయండి. మధ్యాహ్నం మూసిన లారీలోనూ, రేకుల షెడ్డులోనూ ఉంచితే జిగురు ఊడిపోతుంది. మళ్ళీ గాలి కొట్టేటప్పుడు 9.5 నుంచి 10 పీఎస్ఐ.

గెలిచిన షీల్డులు, కప్పులు, పాత జట్ల ఫోటోలు లారీ ఎక్కించవద్దు. సభ్యుల కార్లలో, దుప్పట్లలో చుట్టి, ఆఖరి రోజు తీసుకెళ్ళండి. పోతే మళ్ళీ కొనలేనివి అవే.

తెల్లవారుజామున 5 గంటలకు ఎక్కించడం మొదలుపెడితే ఎండ ముదరకముందే దించేయొచ్చు. పట్టణంలోకి లారీ ఏ వేళల్లో రావచ్చో ట్రాఫిక్ పోలీసులను ముందే అడగండి.

## 10. పాత చోటు అప్పగింత

పోస్టుల గుంటలు మట్టితో నింపి దిమ్మిస కొట్టండి. గోడల మేకులు తీసి పూత పెట్టండి. మీటరు రీడింగ్ ఫోటో తీసి, చివరి బిల్లు కట్టి, యజమానితో బాకీ లేదని రాయించుకున్న రోజే అడ్వాన్సు అడగండి. కనీసం నెలరోజులు పాత గేటు మీద కొత్త చిరునామా బోర్డు ఉంచనివ్వమని కోరండి. సాయంత్రం ప్రాక్టీసుకు పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రుల్లో వాట్సాప్ చూడనివాళ్ళు ఉంటారు.

## 11. మొదటి నాలుగు వారాలు

పాలు పొంగించి, గుమ్మడికాయ కొట్టిన రోజే పెద్ద మ్యాచ్ పెట్టాలని అందరికీ ఉంటుంది. వద్దు.

మొదటి వారం పాసింగ్, టచ్ రగ్బీ (పడగొట్టకుండా తాకితే చాలే ఆట) మాత్రమే. రెండో వారం హిట్ షీల్డులతో. మూడో వారం టాకిల్, తేలికపాటి స్క్రమ్. నాలుగో వారం సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే) మ్యాచ్, సగానికి 7 నిమిషాలే కాబట్టి నేల మీద భారం తక్కువ. ఆ తర్వాతే పదిహేను మంది ఆట.

ప్రతి ప్రాక్టీసుకు ముందు 6 అంగుళాల స్క్రూడ్రైవర్‌ను పదిచోట్ల చేత్తో గుచ్చండి. 2 అంగుళాలు కూడా దిగకపోతే ఆ రోజు టాకిల్ లేదు. మరుసటి తెల్లవారుజామున నీళ్ళు పెట్టి, తోట ఫోర్కుతో పొడిచి వదిలేయండి. మడమ వేస్తే నీళ్ళు ఊరుతుంటే అప్పుడూ ఆట లేదు.

గరికను ఒకటిన్నర నుంచి 2 అంగుళాల ఎత్తులో ఉంచండి. ఒక్కసారి మూడో వంతుకు మించి కోయకండి.

గ్రౌండు గోడ మీద పెద్ద అక్షరాలతో ఇవి రాయించండి: 108, క్లబ్బు పూర్తి చిరునామా, దగ్గరి గుర్తు, ఆసుపత్రికి దారి. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్. చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి. ఫోను చేసేవాళ్ళు కంగారులో కొత్త చిరునామా మరచిపోతారు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ ఆటగాణ్ణి ఆ రోజు మళ్ళీ గ్రౌండులోకి పంపకూడదు, అతను ఎంత బతిమాలినా సరే.

## 12. తరచూ వచ్చే చిక్కులు

షవర్లు నెలకే మూసుకుపోతున్నాయి. బోరు నీళ్ళలోని ఉప్పు షవరు తలలో పేరుకుంది. తల విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి బ్రష్షుతో రుద్దండి. తల విప్పడానికి వీలయ్యే రకమే కొనండి.

గోల్ పోస్టుల ముందు గరిక పోయింది. వార్మప్, కిక్కింగ్ అన్నీ అక్కడే చేస్తున్నారు. వార్మప్‌ను పక్క గీతల బయటికి మార్చండి. బోసిపోయిన చోట ఇన్-గోల్ వెనక నుంచి గరిక పెచ్చులు తీసి నాటి, ఆరు వారాలు తాడు కట్టండి.

బట్టలు మార్చుకునే గదుల్లో వాసన. జాలీ కింద ట్రాప్‌లో (వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపులో) నీళ్ళు ఎండిపోయాయి, లేదా ట్రాపే పెట్టలేదు. వాడని గదుల్లో కూడా రోజూ ఒక చెంబు నీళ్ళు పోయండి. అయినా తగ్గకపోతే కాంట్రాక్టరుతో జాలీ తీయించి చూడండి. ఆపుకున్న డబ్బు అక్కరకొచ్చేది ఇక్కడే.

మోటారు తరచూ ట్రిప్ అవుతోంది. మోటారు, ఫ్లడ్ లైట్లు ఒకేసారి వేస్తున్నారేమో చూడండి. గ్రౌండు తడిపే పని తెల్లవారుజాముకు మార్చండి, గరికకూ అదే మంచిది, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి.

తుపాను వాన తర్వాత ఒక మూల నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ మూల వెంటనే తవ్వకండి. నీళ్ళున్నప్పుడే చుట్టూ మేకులు కొట్టి హద్దు గుర్తుపెట్టండి. ఆరాక ట్యూబ్ లెవెల్‌తో ఎంత పల్లమో చూసి, అంగుళం లోపైతే జల్లించిన ఇసుక, ఎరువు అరంగుళం చొప్పున రెండు విడతలుగా చల్లండి, మధ్యలో మూడు వారాలు విడవండి. గరిక దాన్లోంచి పైకి వస్తుంది. అంగుళం దాటితే గరిక పెచ్చులు తీసి పక్కన పెట్టి, మట్టి నింపి, దిమ్మిస కొట్టి, పెచ్చులు తిరిగి పరచాలి. అది డిసెంబరు ఆఖరులో చేస్తే మాఘానికి అతుక్కుంటుంది.